‘టర్బో పోయింది’ అన్న బండి: 1,86,000 కిలోమీటర్లు తిరిగిన ఆక్టావియా వీఆర్‌ఎస్ కేస్ స్టడీ

నేపథ్యం

మా గ్యారేజీకి వచ్చిన ఈ బండి 2005 మోడల్ స్కోడా ఆక్టావియా వీఆర్‌ఎస్. 1,781 సీసీ పెట్రోల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, సిలిండర్‌కు ఐదు చొప్పున ఇరవై వాల్వులు, చిన్న కే03 టర్బో (ఎగ్జాస్ట్ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టేది), 150 హార్స్ పవర్, ఐదు గేర్ల మాన్యువల్. మీటరు 1,86,000 చూపిస్తోంది. కొత్త ఓనర్ చేతికి వచ్చి ఐదు వారాలైంది. ఆయన మిర్యాలగూడ వైపు ఉంటారు, వారానికి రెండుసార్లు నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ పోయివస్తారు. మనిషిని, బండిని గుర్తుపట్టే మిగతా వివరాలన్నీ వదిలేశాం.

ఆర్సీ రెన్యువల్ అయి ఉంది, కాగితాలు సరిగ్గా ఉన్నాయి. సర్వీసు బిల్లులు మాత్రం లేవు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో, ఇంజిన్‌లో ఏ ఆయిల్ పోశారో చెప్పే ఒక్క చీటీ కూడా దొరకలేదు. ఇరవై ఏళ్ల టర్బో బండి కొనేటప్పుడు రంగు, టైర్లు, ఏసీ చూస్తారు గానీ ఈ చీటీలు అడిగేవాళ్లు తక్కువ. చీటీ లేని పనిని జరగని పనిగానే లెక్క వేసుకోవాలి. ఈ కేసులో తీసుకున్న నిర్ణయాల్లో సగం ఈ లెక్క మీదే నడిచాయి.

ఏ సమస్యతో వచ్చింది

ఓనర్ మాటల్లోనే: "అన్నా, పికప్ లేదు. సిగ్నల్ కాడ కాసేపు ఆగి రేస్ ఇస్తే వెనక నీలం పొగ. చౌటుప్పల్ దాటంగనే టెంపరేచర్ ముల్లు లేస్తుంది. అందరు టర్బో పోయిందంటున్నరు."

నాలుగోది ఆయన చెప్పలేదు, మేం అడిగాక బయటపడింది. ఇంజిన్ బాగా వేడెక్కి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఎర్ర ఆయిల్ లైటు ఒకటి రెండుసార్లు మినుకుమంటోంది. అదీ రెండు వారాల నుంచే. ఆ రెండు వారాల ముందు ఏం జరిగిందని అడిగితే, వేరే చోట ఇంజిన్ ఫ్లష్ చేయించానన్నారు. పాత ఆయిల్‌లోనే ఫ్లష్ డబ్బా కలిపి, పది నిమిషాలు తిప్పి, ఆయిల్ దించి, కొత్తది పోశారు.

అప్పటికే ఆయన సొంతంగా నాలుగు ఇగ్నిషన్ కాయిళ్లు, ప్లగ్గులు మార్పించారు, పెట్రోల్ ట్యాంకులో ఇంజెక్టర్ క్లీనర్ పోశారు. ఏదీ పని చేయలేదు. ఎవరో చెబితే ఎయిర్ మాస్ సెన్సర్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచేది) కనెక్టర్ పీకి నడిపి చూశారు, కాస్త నయమనిపించింది. దాంతో ఆ సెన్సర్ కూడా కొనబోతున్నారు. దాన్ని ఆపించాం, ఎందుకో కింద వస్తుంది.

మొదట ఏది పట్టుకోవాలి

ఓనర్‌కు కావాల్సింది పికప్. మేం పెట్టిన వరుస వేరు: ఇంజిన్‌ను నిమిషాల్లో చంపేవి ముందు, నడకను పాడు చేసేవి తర్వాత. ఆయిల్ ప్రెషర్, టైమింగ్ బెల్టు, కూలెంట్ తేలేదాకా బూస్టు (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) జోలికి పోకూడదని నిర్ణయించాం. బలహీనమైన ఆయిల్ ప్రెషర్‌తో బూస్టు పరీక్ష కోసం మూడో గేరులో నిండా తొక్కితే బేరింగ్ పోతుంది. అప్పుడు ఏ పరీక్ష ఫలితమైనా ఎందుకు?

ఆ ఎర్ర లైటును వెలిగించే ప్రెషర్ స్విచ్చి తీసి, అక్కడ మెకానికల్ గేజీ బిగించాం. వేడెక్కాక ఐడ్లింగ్‌లో 0.5 బార్, 2000 ఆర్‌పీఎం దగ్గర 1.2 బార్. వెయ్యి ఆర్‌పీఎంకు పది పీఎస్‌ఐ, అంటే సుమారు 0.7 బార్ ఉండాలని పాత మోటు లెక్క ఒకటి ఉంది. ఆ లెక్కకు కూడా ఇది తక్కువే. లైటు అబద్ధం చెప్పలేదు. స్విచ్చి మార్చి పంపేస్తే లైటు ఆరేదేమో గానీ ఇంజిన్ దక్కేది కాదు.

ఇక బండిని స్టార్ట్ చేయకుండా ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పాం. చుట్టూ 6 ఎంఎం బోల్టులు. గేర్‌బాక్స్ వైపు, ఫ్లైవీల్ పక్కన ఉండే రెండింటికి మాత్రం పొడవాటి ఆలెన్ కీ కావాలి. అది లేకుండా మామూలు పనిముట్టుతో తంటాలు పడితే తల అరిగి, గేర్‌బాక్స్ దించే దాకా పోతుంది.

ఆయిల్ పీల్చే గొట్టం చివరి జాలీ ముప్పావు వంతు మూసుకుపోయి ఉంది. దాని మీద పేరుకున్నది మెత్తటి బురద కాదు. గిన్నె అడుగున మాడిన అన్నం పెచ్చుల్లా నల్లగా, గట్టిగా ఉంది. గోటితో గీకితే పొరలు పొరలుగా లేచింది. రెండు వేళ్ల మధ్య నలిపితే పొడి అయింది గానీ పెట్రోల్‌లో వేసినా కరగలేదు. ఇది టర్బో వేడికి మాడిన ఆయిల్. ఏళ్ల తరబడి ఇంజిన్ గోడలకు అంటుకుని ఉన్నదాన్ని ఫ్లష్ ఒక్కసారిగా ఊడగొట్టి తెచ్చి జాలీ మీద వేసింది. చరిత్ర తెలియని పాత టర్బో ఇంజిన్‌కు ఫ్లష్ వద్దని మేం గట్టిగా చెప్పేది ఇందుకే. శుభ్రం చేయాలనుకుంటే ఛాంబర్ దించి చేతితో చేయాలి. ఆ తర్వాత మంచి ఆయిల్‌ను తక్కువ దూరాలకే మారుస్తూ మెల్లగా కడగాలి.

మాడిన ఆయిల్ అంత ఎందుకు పేరుకుంది? బండిలో పాత ఓనర్ వదిలిపోయిన సగం డబ్బా దొరికింది, 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్. మన దగ్గర మే నెల ఎండలు 44, 45 దాకా పోతాయి కాబట్టి చిక్కటి ఆయిల్ మంచిదని చాలామంది నమ్మకం. ఆయిల్ ఎంత వేడెక్కాలో ఇంజినే నిర్ణయిస్తుంది, బయటి ఎండ పాత్ర అందులో చిన్నది. టర్బో ఇరుసు బేరింగు దగ్గర ఇంజిన్ ఆపిన మరుక్షణం ఆయిల్ ప్రవాహం ఆగుతుంది, పక్కనే ఉన్న ఎగ్జాస్ట్ వేడి మాత్రం అక్కడికే పాకుతుంది. అక్కడ మాడకుండా నిలబడేది సింథటిక్. ఈ ఇంజిన్‌కు ఫోక్స్‌వ్యాగన్ 502 00 ప్రమాణం రాసి ఉన్న 5డబ్ల్యూ-40 వేయాలి. డబ్బా మీద ‘సింథటిక్’ అని ఉంటే చాలదు, ఆ నంబరు ఉందో లేదో చూడాలి.

లైటు వెలుగుతూ రెండు వారాలు నడిచింది కాబట్టి, పంపుకు దూరంగా ఉన్న నాలుగో సిలిండర్ బిగ్ ఎండ్ బేరింగ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ను పట్టుకునే చోటిది) ఒక్కటి విప్పి చూశాం. ఆ బోల్టులు సాగే రకం, ఒకసారి విప్పితే మళ్లీ కొత్తవే వేయాలి. బేరింగ్ మీద సన్నని గీతలున్నాయి, రాగి పొర మాత్రం బయటపడలేదు. అక్కడితో ఆపాం. రాగి కనిపించి ఉంటే లెక్క మొత్తం మారేది, ఇంజిన్ దించాల్సి వచ్చేది.

గొట్టం, జాలీ కొత్తవి, గొట్టం మొదట్లో ఉండే ప్యాకింగ్ కొత్తది వేశాం. ఛాంబర్ అంచుకు సిలికాన్ 2, 3 ఎంఎం మందాన ఒకే గీతగా పూసి, అయిదు నిమిషాల్లోపే ఎక్కించి, బోల్టులు 15 న్యూటన్ మీటర్లకు బిగించాం. అరగంట ఆగాకే ఆయిల్ పోశాం. సిలికాన్ ఎక్కువ పూస్తే లోపలికి ఉబికిన ముక్క ఊడి మళ్లీ అదే జాలీకి చేరుతుంది. ఇలా పాడైనవి బయట ఎన్నో తిరుగుతున్నాయి.

వేడి మీద ప్రెషర్ ఐడ్లింగ్‌లో 1.6, 2000 దగ్గర 3.3 బార్‌కు వచ్చింది. మొదటి ఆయిల్ 500 కిలోమీటర్లకే దించాం. ఫిల్టర్‌ను కోసి, మడతలు విప్పి చూస్తే ఇంకా నల్ల రవ్వలు ఉన్నాయి. రెండోది 1,500కు దించితే రవ్వలు దాదాపు లేవు. ఆ తర్వాతే 5,000 కిలోమీటర్ల పద్ధతికి వచ్చాం.

బెల్టు, నీళ్లు

ఈ ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు తెగితే పిస్టన్లు నేరుగా వాల్వులను కొడతాయి. ఇరవై వాల్వులు, హెడ్డు, అంటే బండి ధర. చీటీ లేదు కాబట్టి బెల్టు, రోలరు, బెల్టును బిగువుగా ఉంచే హైడ్రాలిక్ టెన్షనర్, వాటర్ పంపు ఒకేసారి మార్చాం. బెల్టు ఒక్కటే మార్చి టెన్షనర్ వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. డబ్బు మిగులుతుంది గానీ పాత టెన్షనర్ కొత్త బెల్టును దారి తప్పిస్తుంది.

పాత పంపు చేతిలోకి వచ్చాక హైవే మీద ముల్లు ఎందుకు లేస్తోందో సగం అర్థమైంది. దాని ప్లాస్టిక్ రెక్కల చక్రం ఇరుసు దగ్గర పగిలింది. చేత్తో తిప్పితే తిరుగుతోంది, పట్టి ఆపితే ఇరుసు ఒక్కటే తిరుగుతోంది. తక్కువ వేగంలో ఎలాగో నెట్టుకొచ్చింది, 110 మీద చేతులెత్తేసింది. కొత్తది లోహపు రెక్కలది వేశాం.

మిగతా సగం నీళ్లలో ఉంది. డబ్బాలో కూలెంట్ గులాబీ రంగు పోయి తేలిపోయింది, హోస్ పైపు ఊడదీస్తే లోపల తెల్లటి గార. బోరు నీళ్లు పోసి నడిపారు. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. రేడియేటర్‌కు చేటు చేసేది మాత్రం ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. వేడి తగలగానే అవి గోడలకు రాయిలా అంటుకుంటాయి, సన్నని గొట్టాలను పూడ్చేస్తాయి. ఇక్కడ ఆర్‌ఓ ప్లాంటుల్లో టీడీఎస్ మీటరు ఉంటుంది, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది. ఈ పనికి అది బాగా పనికొస్తుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి, థర్మోస్టాట్ తెరుచుకునే దాకా ఇంజిన్ తిప్పి, చల్లార్చి, దించి, దించిన నీళ్లలో మీటరు ముంచడం. మొదటిసారి 1,140 చూపింది. నాలుగోసారికి 90 అయింది. అప్పుడే కూలెంట్ పోశాం.

పోసే పద్ధతిలో ఒక కిటుకు ఉంది. ఎంత దించినా బ్లాకులో నీళ్లు మిగిలే ఉంటాయి. ముందే సగం సగం కలిపిన ద్రవం పోస్తే చివరికి పలచన అవుతుంది. సిస్టమ్‌కు సుమారు ఆరు లీటర్లు పడుతుంది అనుకుంటే, మొదట మూడు లీటర్ల జీ12 (ఈ బండికి వాడే గులాబీ రంగు రకం) గాఢ కూలెంట్ పోసేసి, మిగిలిన ఖాళీని డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి. పచ్చ కూలెంట్‌ను దీంతో కలపకూడదు. 87 డిగ్రీల థర్మోస్టాట్ కూడా అప్పుడే మార్చాం.

ఓనర్ తెలుసుకోవాల్సింది ఇంకొకటి: ఈ బండి ముల్లు నిజమైన టెంపరేచర్ చూపదు. సుమారు 75 నుంచి 105 దాకా అది 90 దగ్గరే నిలబడేలా చేసి ఉంటుంది. ముల్లు 90 దాటి కదిలిందంటే అప్పటికే ఆలస్యం. అసలు అంకె స్కానర్‌లో చూడాలి.

పికప్: మేం మొదట ఎక్కడ తప్పాం

ఇప్పుడు బూస్టు. స్కానర్‌లో రెండు కోడ్‌లు: 17705, అంటే టర్బోకీ థ్రాటిల్‌కీ మధ్య ఒత్తిడి పడిపోయింది. 17544, అంటే ఐడ్లింగ్‌లో మిశ్రమం పలచన. స్కానర్ 032 బ్లాకులో (ఒక రకం కొలతల పేజీ) ఐడ్లింగ్‌లో కంప్యూటర్ పెట్రోల్‌కు చేసే సవరణ +8.6 శాతం, నడకలో సవరణ −1.6.

ఎయిర్ మాస్ సెన్సర్ కొనకుండా ఓనర్‌ను ఆపింది ఈ రెండు అంకెలే. సెన్సర్ అలసిపోతే గాలి ఎక్కువయ్యే కొద్దీ తప్పు కూడా పెరగాలి, నడకలో సవరణే పెద్దదిగా కనిపించాలి. ఇక్కడ తప్పంతా ఐడ్లింగ్‌లో ఉంది. అంటే సెన్సర్ దాటాక ఎక్కడో చిల్లు. ఐడ్లింగ్‌లో లోపల వాక్యూమ్ ఉంటుంది కాబట్టి లెక్కకు రాని గాలి చిల్లు గుండా లోపలికి వస్తుంది, మిశ్రమం పలచనవుతుంది. బూస్టులో అదే చిల్లు గుండా లెక్కపెట్టిన గాలి బయటికి పోతుంది, పెట్రోల్ ఎక్కువై నల్లగా దగ్గుతుంది. ఒకే చిల్లుకు రెండు ఎదురు లక్షణాలు. కనెక్టర్ పీకితే నయమనిపించింది కూడా ఇందుకే. సెన్సర్ లేకపోతే కంప్యూటర్ ఆ తప్పుడు లెక్క వదిలేసి తన అంచనాతో నడుస్తుంది.

115 బ్లాకులో కోరిన బూస్టు 1,650 మిల్లీబార్, వచ్చింది 1,380. ఈ అంకెల్లో వాతావరణ ఒత్తిడి కలిసే ఉంటుంది. నల్లగొండ ఎత్తులో అదే సుమారు 960. అంటే టర్బో నుంచి రావాల్సింది 690, వచ్చింది 420. ఇలాంటప్పుడు కంప్యూటర్ ఊరుకోదు, బూస్టును అదుపు చేసే ఎన్75 వాల్వు ద్వారా టర్బోను ఇంకా గట్టిగా తిప్పిస్తుంది. చిల్లుతో నడిపే కొద్దీ మంచి టర్బో కూడా అరుగుతుంది.

ఎయిర్ పైపు ఊడదీసి టర్బో ఇరుసు చూశాం. పక్కలకు కాస్త ఆట ఉంది. ఆయిల్ లేనప్పుడు అది ఉంటుంది. ముందుకీ వెనక్కీ లాగితే చేతికి ఏమీ తెలియలేదు, రెక్కలు గోడను తాకిన గుర్తులు లేవు. టర్బో నిర్దోషి అని అప్పుడే అనిపించింది. పొగకు మాత్రం ఇంకా జవాబు లేదు.

తర్వాత ప్రెషర్ టెస్ట్. టర్బో నోటికి మూత బిగించి 0.7 బార్ గాలి పెట్టాలి. అలా పెట్టినప్పుడు క్రాంక్‌కేస్ (క్రాంక్ తిరిగే ఇంజిన్ కింది భాగం) ఊపిరి గొట్టాల గుండా గాలి ఇంజిన్‌లోకి పోయి సీళ్లను తోసేస్తుందన్న భయంతో, ఆ గొట్టాలు రెండింటికీ క్లాంపులు వేశాం. కాలు తీయగానే మిగులు బూస్టును మళ్లించే డైవర్టర్ వాల్వు డయాఫ్రమ్ చిరిగి ఉంది, అది దొరికింది. బూస్టు గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దగ్గర ఒక హోస్‌కు ఎవరో ట్రాక్టర్ రేడియేటర్ హోస్ ముక్క కోసి తొడిగారు. ఆయిల్ తడికి అది ఉబ్బి మెత్తబడి జారుతోంది. రెండూ మార్చాం. టెస్ట్‌లో ఒత్తిడి నిలబడింది. ఐడ్లింగ్ సవరణ +5.5కు దిగింది, బూస్టు 1,560కు ఎక్కింది. బండి ఇచ్చేశాం.

నాలుగో రోజు ఫోన్. "పొద్దున మంచిగనే పోతుంది అన్నా, నార్కట్‌పల్లి దాటేసరికి మళ్ల గదే కథ. పొగ తగ్గలే."

చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక పాడవుతోంది, పొగ అలాగే ఉంది. ఈ రెండింటినీ కలిపి ఆలోచిస్తే దృష్టి బూస్టు పైపుల నుంచి క్రాంక్‌కేస్ మీదికి మళ్లింది. వేడి ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి, పల్చటి పాలిథిన్ కవరు ముక్క ఆ రంధ్రం మీద పెట్టాం. ఆరోగ్యమైన ఇంజిన్ దాన్ని మెల్లగా లోపలికి పీల్చుకుంటుంది. ఇక్కడ కవరు కాసేపు లోపలికి, కాసేపు పైకి, బెదురుతున్నట్టు ఆడింది. అంత మాత్రాన తేల్చలేం. కాబట్టి డిప్‌స్టిక్ గొట్టానికి సన్నని పైపు తగిలించి, 0–100 మిల్లీబార్ గేజీ క్యాబిన్‌లో పెట్టుకుని రోడ్డెక్కాం. మూడో గేరులో 2,500 నుంచి నిండా తొక్కితే ముల్లు 60 దాటింది. బూస్టు వచ్చినప్పుడే లేస్తోంది, కాలు తీయగానే పడుతోంది.

రింగులు అరిగినా క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరుగుతుంది. అందుకే అక్కడ ఆగి కంప్రెషన్ చూశాం: 11.2, 11.0, 11.3, 11.1 బార్. నాలుగూ సమానం, రింగులు బాగున్నాయి. మరి బూస్టుతో పాటు లేచే ఒత్తిడి బూస్టు నుంచే రావాలి. సిలిండర్లకు గాలి పంచే మ్యానిఫోల్డ్ నుంచి క్రాంక్‌కేస్‌కు దారి ఒక్కటే, ఊపిరి గొట్టంలో ఉండే చెక్ వాల్వు.

బొటనవేలంత నల్ల ప్లాస్టిక్ ముక్క అది. మ్యానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉన్నప్పుడు తెరుచుకుని ఇంజిన్ ఆవిర్లను లోపలికి పంపాలి, బూస్టు రాగానే మూసుకోవాలి. తీసి నోటితో ఊదితే రెండు వైపుల నుంచీ గాలి పోయింది. లోపలి పొర వేడికి వంకర తిరిగింది. చల్లగా ఉంటే కొంత మూసుకుంటోంది, వేడెక్కితే వదిలేస్తోంది. అలా బూస్టు గాలి నేరుగా ఛాంబర్‌లోకి పోతోంది. అక్కడ ఒత్తిడి పెరిగితే టర్బో నుంచి కిందికి జారాల్సిన ఆయిల్ జారలేక సీళ్ల గుండా రెండు వైపులకూ పొంగుతుంది. నీలం పొగ, మిగిలిన బూస్టు నష్టం దీని నుంచే వచ్చాయి.

ప్రెషర్ టెస్ట్‌లో ఇది ఎందుకు దొరకలేదు? సీళ్లను కాపాడడానికి మేం వేసిన క్లాంపుల్లో ఒకటి సరిగ్గా ఈ వాల్వున్న గొట్టం మీదే ఉంది. మ్యానిఫోల్డ్ వైపు క్లాంపు వదిలేసి, టర్బో వైపు దానికే క్లాంపు వేసి, 0.3 బార్ మించకుండా పెట్టి, డిప్‌స్టిక్ గొట్టం దగ్గర చెవి పెట్టి ఉంటే మొదటి రోజే ‘సు’మనే చప్పుడు వినిపించేది. ఇప్పుడు టెస్ట్ రెండుసార్లు చేస్తున్నాం: క్లాంపులతో ఒకసారి, మ్యానిఫోల్డ్ వైపు క్లాంపు తీసి తక్కువ ఒత్తిడితో, ఇంజిన్ వేడిగా ఉండగా ఇంకోసారి.

పని చేసింది

చెక్ వాల్వు, ప్రెషర్ రెగ్యులేటింగ్ వాల్వు, ఊపిరి గొట్టాల సెట్టు మొత్తం మార్చాం. ఒక్క వాల్వే మార్చడం చవక. కానీ పక్కనున్న గొట్టాలు వేలితో నొక్కితే అప్పడంలా పగులుతున్నాయి. కొత్త వాల్వు తొడిగేటప్పుడే అవి చిట్లేవి. ఊపిరి గొట్టాలకు మామూలు సిలికాన్ హోస్ వాడకూడదు, ఆయిల్ ఆవిరి దాని గుండా చెమటలా బయటికి వస్తుంది. ఒరిజినల్ రబ్బరైనా ఉండాలి, లోపల ఫ్లోరో పూత ఉన్నదైనా ఉండాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్ ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపినది) కాబట్టి పాత పెట్రోల్ హోస్‌లు కూడా తీసేసి జె30 ఆర్9 గుర్తున్నవి వేశాం.

టర్బోకు ఆయిల్ తెచ్చే సన్నని గొట్టం కూడా మార్చాం. పాతదాన్ని కోసి చూస్తే లోపలి దారి సగానికి సన్నబడింది. చాంబర్‌లో దొరికిన మాడు ఇక్కడా ఉంది. టర్బో మార్చి ఈ గొట్టం పాతదే ఉంచితే కొత్త టర్బో కూడా ఎక్కువ రోజులు బతకదు.

ఆఖరున ఇంటర్‌కూలర్. ఈ బండిలో అది కుడి ముందు చక్రం ముందర, బంపర్ మూలలో దాక్కుని ఉంటుంది. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లుల ఊక, కోతల కాలంలో రోడ్ల మీద ఆరబోసిన వడ్ల పొట్టు చక్రం లైనరు సందుల్లోంచి దూరి, లోపలి రెక్కల మీద చాపలా పేరుకుంది. లోపలి వైపు బోర్లిస్తే 60 మిల్లీలీటర్ల ఆయిల్ కారింది. దాన్ని డీగ్రీజర్‌తో కడిగి, పూర్తిగా ఆరేదాకా నిలబెట్టాం. అలా వదిలేసి ఇచ్చి ఉంటే, ఆ ఆయిల్ కాలిపోయే దాకా వారం రోజులు పొగ వస్తూనే ఉండేది. రిపేరు పని చేయలేదని అందరూ అనుకునేవాళ్లం.

ఫలితం: అడిగిన బూస్టు 1,650కి 1,640 వచ్చింది, ఎంత వేడెక్కినా. ఐడ్లింగ్ సవరణ +1.6. మూడో గేరులో క్రాంక్‌కేస్ గేజీ సున్నా దాటలేదు. గాలి కొలత గరిష్ఠంగా సెకనుకు 117 గ్రాములు. హార్స్ పవర్‌ను 0.8తో గుణిస్తే రావాల్సిన 120కి ఇది దగ్గరే. ఓనర్ కొనబోయిన సెన్సర్ అవసరం లేదనడానికి ఇదే రుజువు.

ఈ కేసు మార్చిన పద్ధతులు

పాత టర్బో బండి వస్తే ఇప్పుడు మొదటి గంటలో మూడు కొలతలు తీస్తున్నాం: వేడి ఆయిల్ ప్రెషర్ గేజీతో, ఐడ్లింగ్‌లోనూ నడకలోనూ ఇంధన సవరణ, క్రాంక్‌కేస్ ఒత్తిడి బూస్టులో. ఈ మూడూ లేకుండా టర్బో మాట ఎత్తడం లేదు. ఒక కొత్త టర్బోకు అప్పట్లో చెప్పిన ధర లక్షకు పైనే. దాన్ని వేసి ఉంటే కొత్త సీళ్ల గుండా కూడా అదే ఆయిల్ పొంగేది. నెల తర్వాత ‘నాసిరకం టర్బో’ అనేవాళ్లు.

పొగ ఎప్పుడు వస్తోందో ఓనర్ చేత రాయిస్తున్నాం. రాత్రంతా ఆగి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క పఫ్ అయితే వాల్వు సీళ్లను అనుమానిస్తాం. కాసేపు ఐడ్లింగ్ తర్వాత రేస్ ఇస్తే వస్తుంటే టర్బో, క్రాంక్‌కేస్ వైపు చూస్తాం. తియ్యటి వాసనతో తెల్లగా ఆగకుండా వస్తే కూలెంట్. ఈ తేడా మొదటి రోజే అడిగి ఉంటే చెక్ వాల్వు దగ్గరికి ముందే వెళ్లేవాళ్లం.

కొత్త ఓనర్‌కు ఇచ్చిన దినచర్య పొట్టిది. 5,000 కిలోమీటర్లకో, ఆరు నెలలకో, ఏది ముందొస్తే దానికి ఆయిల్, ఫిల్టర్. రెండు ట్యాంకులకోసారి డిప్‌స్టిక్, చదునైన చోట, ఇంజిన్ ఆపి అయిదు నిమిషాలయ్యాక. వానాకాలం కోతలప్పుడూ యాసంగి కోతలప్పుడూ ఎయిర్ ఫిల్టర్ తీసి చూడటం, లైనరు విప్పి ఇంటర్‌కూలర్ మీద గాలి కొట్టడం. దూర ప్రయాణం తర్వాత ఊళ్లోకి వచ్చే చివరి రెండు కిలోమీటర్లు మెత్తగా నడపడం. అలా వస్తే ఇంటి ముందు విడిగా ఐడ్లింగ్‌లో పెట్టాల్సిన పని ఉండదు. కారులో అయిదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఎప్పుడూ ఉండాలి, దారిలో ఏ బోరు నీళ్లూ వద్దు.

"మ్యాప్ చేయిద్దామా అన్నా, ఇప్పుడు మంచిగైంది గద" అని అడిగారు. అంటే ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి పవర్ పెంచడం. 5,000 కిలోమీటర్ల పాటు నెలకోసారి 115, 032, 020 బ్లాకులు రికార్డు చేసి, ఇగ్నిషన్ వెనక్కి జరగడం ఎక్కడా పెరగకపోతే అప్పుడు మాట్లాడదామన్నాం. అంతవరకు 95 ఆక్టేన్‌కు తగ్గని పెట్రోల్ మాత్రం వాడమన్నాం.

ఎనిమిది వేల కిలోమీటర్ల తర్వాత

మీటరు 1,94,000 దాటింది. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి వస్తుండగా స్కానర్‌లో కూలెంట్ 98 మించలేదు. ఆయిల్ లైటు మళ్లీ వెలగలేదు. 900 కిలోమీటర్లకు ఒక లీటరు తాగిన ఇంజిన్ ఇప్పుడు 5,000కు 400 మిల్లీలీటర్లు తాగుతోంది.

ఒకటి మిగిలింది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు చిన్న నీలం పఫ్, రెండు సెకన్లు. వాల్వు సీళ్లు గట్టిపడ్డాయి. హెడ్డు విప్పకుండానే మార్చవచ్చు గానీ ఇరవై వాల్వుల పని అది, క్యామ్‌లు దించాలి. వాడకం 5,000కు ఒక లీటరు దాటితే చేద్దామని ఓనర్‌తో కలిసి నిర్ణయించాం. ప్రతి టాప్ అప్ కొలిచి రాసేందుకు డ్యాష్‌బోర్డు అరలో ఒక పుస్తకం పెట్టుకున్నారు. అందులో ఇప్పటిదాకా మూడు వరుసలున్నాయి.